నాయన పరిచిన నవారు

2022 డిసెంబరులో ఒక రాత్రి, రెండున్నర అయి ఉంటుంది. వీధి తలుపు తీసి ఉంది. లేచి చూస్తే మా నాయన వాకిట్లో గొంతుక్కూర్చుని ఉన్నాడు. మంచానికున్న నవారంతా విప్పి తెచ్చి, గడప దగ్గర నుంచి బాత్రూము దాకా నేల మీద రెండు వరసలు పరుస్తున్నాడు. మధ్యలో మనిషి పట్టేంత సందు. గాలికి లేవకుండా అక్కడక్కడా రాళ్ళు పెట్టాడు. టార్చిలైటు నేలకేసి వెలుగుతోంది.

"ఏంది నాయనా ఇది?" అన్నాను.

తలెత్తలేదు. "బయట అడుగు పెట్టొద్దు. లోపల్నే నడువు" అన్నాడు.

లోపల అంటే ఇంట్లో అనుకున్నాను. రెండు నవార్ల మధ్య అని నాకు అర్థమయ్యేసరికి ఏడాది పట్టింది.

మా గిద్దలూరు వైపు ఏ ఊరికి పోయినా మిలిటరీ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కనపడతారు. అలాంటి ఇళ్ళలో ఎవరికైనా అక్కరకొస్తుందని ఇదంతా రాస్తున్నా. నేను మార్కాపురంలో టీచర్ని, డాక్టర్ని కాను. మందుల పేర్లు రాసింది తెలుసుకోవడానికే, మీ ఇష్టానికి వేసుకోవడానికి కాదు.

నాయన 1969లో, పద్దెనిమిదేళ్ళప్పుడు సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. బెంగుళూరు ఉల్సూరు చెరువు పక్కన ట్రైనింగు. 1971 యుద్ధానికి ఆయన వయసు ఇరవై. 1987లో హవల్దారుగా పెన్షన్ మీద వచ్చి, అరవై నిండేదాకా బ్యాంకులో గార్డుగా చేశాడు. యుద్ధం గురించి మాకు తెలిసింది నల్ల ట్రంకు పెట్టెలో ఉన్న రెండు పతకాలు, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, అంతే. అడిగితే "ఆ, ఉన్నాంలే" అనేవాడు.

వింతలు మాత్రం ఉండేవి. దీపావళి రోజు ఊళ్ళో ఉండడు, చేనికాడికి పోయి మంచె కింద పడుకుంటాడు. బీడులో కాలు పెట్టడు. గట్టు మీద నడిచినా ముందు పోయినవాళ్ళ అడుగులోనే అడుగేస్తాడు. పాములంటే భయమని అనుకునేవాళ్ళం. చేతికర్రతో నేలను పొడుస్తాడు, అదీ నిటారుగా కాదు, ఏటవాలుగా. రాత్రి క్యాంటీన్ రమ్ము రెండు పెగ్గులు పడితేనే నిద్ర. ఇంట్లో ఒక కట్టడి ఉండేది: నాయన్ని తాకి లేపకూడదు. అమ్మ మంచం కాళ్ళ దిక్కున నిలబడి "ఏమయ్యా, ఏమయ్యా" అని పిలిచేది. ఆమె అట్లా ఎందుకు నేర్చుకుందో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.

2021లో అమ్మ పోయింది. బీపీ ఎక్కువైందని రమ్ము మాన్పించాం. ఉద్యోగం లేదు, చెవులు సరిగా వినపడవు. అక్కడి నుంచి మొదలైంది. రాత్రిళ్ళు అరుపులు. పగలు గోడకు వీపు ఆనించి తలుపుకెదురుగా కూర్చోవడం. పిలిస్తే పలకడు, వెనక నుంచి భుజమ్మీద చెయ్యి వేస్తే మోచేత్తో కొడతాడు. నా కొడుక్కి ఒకసారి పెదవి చిట్లింది.

ముందు దగ్గర్లోని డాక్టరు నిద్రమాత్రలు రాశాడు, ఆల్ప్రజోలం. నాలుగో రోజు తెల్లవారుజామున తూలి పడ్డాడు, కనుబొమ్మ మీద ఆరు కుట్లు. ఆ వయసువాళ్ళకి ఆ మాత్ర తూలు తెస్తుందని, మనసు ఇంకా తికమక పడుతుందని తర్వాత తెలిసింది. మా మేనత్త అంత్రం కట్టించింది. దాని గురించి చెప్పడానికేం లేదు, నష్టమూ లేదు.

ఆ తర్వాత పెద్ద ఊళ్ళో నరాల డాక్టరు. స్కానింగులో మెదడు వయసుకు తగ్గట్టు కుంచించుకుందన్నారు, మతిమరుపు జబ్బు మొదలైందన్నారు. డొనెపెజిల్ రాశారు, రాత్రి భోజనం చేశాక వెయ్యమన్నారు. వారం తిరక్కముందే అరుపులు రెట్టింపయ్యాయి. నవారు విప్పింది ఆ వారంలోనే. ఆ మాత్ర రాత్రిపూట వేస్తే కొందరికి కలలు కళ్ళకు కట్టినట్టు వస్తాయట. అది నాకు ఆ డాక్టరు చెప్పలేదు, మందుల షాపు కుర్రాడు చెప్పాడు.

కుండబద్దలు కొట్టినట్టు ఒక మాట ఒప్పుకోవాలి. నాకు ఆ రోగం పేరు విన్నాక కొంత నెమ్మది కలిగింది. మతిమరుపు అయితే ఎవరి తప్పూ కాదు, చేసేదేమీ లేదు. అట్లా ఇంకో ఆరు నెలలు పోయాయి. ఒక రాత్రి ఏడుపు ఆపుకోలేక 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబరులో మనసు బాగోలేనివాళ్ళ కోసం కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. అవతలి అమ్మాయి అంతా విని ఒకే ప్రశ్న వేసింది. "మీ నాన్నగారు యుద్ధంలో ఉన్నారా అండీ?" ఇంతమంది డాక్టర్ల దగ్గర తిరిగాం, ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

ఇక ఈసీహెచ్‌ఎస్ సంగతి. మాజీ సైనికుల వైద్యం కోసం 2003లో పెట్టిన పథకం. 1996 జనవరికి ముందు రిటైరైనవాళ్ళు చందా కూడా కట్టనక్కర్లేదు. మా నాయన కార్డు తీసుకున్నాడు కానీ బీపీ మాత్రలకు తప్ప వాడలేదు. మానసిక వైద్యానికీ పాలిక్లినిక్ నుంచే రిఫరల్ రాయించుకుని, ప్యానెల్లో ఉన్న ఆసుపత్రికి పోవచ్చు. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు, కార్డు, పాత స్కానింగులు ఒక సంచిలో వేసుకుని పోయాను. బస్సెక్కేదాకా నాయన "ఎర్రగడ్డకా?" అని అడుగుతూనే ఉన్నాడు. కాదు, బీపీ చూపించడానికని అబద్ధం చెప్పాను.

కౌంటర్ దగ్గర కూర్చున్నాయనా మాజీ హవల్దారే. కార్డు చూసి, నాయనను చూసి, "సాబ్, కౌన్‌సీ యూనిట్?" అన్నాడు. చెవుడు కదా, నేను తిరిగి చెప్పబోయాను. ఈలోపే నాయన కర్ర నా చేతికిచ్చి నిటారుగా నిలబడ్డాడు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, ఒక్క తడబాటు లేకుండా. కౌంటరాయన "ఇకహత్తర్ మే కహా థే?" అన్నాడు, డెబ్భై ఒకటిలో ఎక్కడున్నారని. "శకర్‌గఢ్. బసంతర్."

పాకిస్తాన్ సరిహద్దు దగ్గర ఆ యుద్ధం జరిగిన ఏరు బసంతర్. ఆ మాట నా నలభై ఆరేళ్ళలో మా ఇంట్లో వినలేదు. పొద్దున ఏం తిన్నాడో చెప్పలేని మనిషి 1971 డిసెంబరు 15 రాత్రి సంగతి గంట గంటకీ చెప్పుకుపోయాడు. అంతా హిందీలో, మధ్యమధ్య అరవ ముక్కలు. నాకు సగం అర్థం కాలేదు. ఆయన యుద్ధం తెలుగులో జరగలేదు మరి. ఇన్నేళ్ళూ మేం తెలుగులో అడుగుతూ, చెప్పడం లేదని అనుకున్నాం.

రిఫరల్ మీద వెళ్ళిన మానసిక వైద్యురాలిది హైదరాబాదు, హిందీ ఉర్దూ గలగలా మాట్లాడుతుంది. మా అదృష్టం. జ్ఞాపకశక్తి పరీక్షలు చేసి, ఇది మతిమరుపు కాదు, నిద్రలేమి, చెవుడు, భయం కలిసి అట్లా కనిపిస్తున్నాయంది. డొనెపెజిల్ మెల్లగా ఆపించింది. పీటీఎస్‌డీ అంది, ఘోరం చూసినవాళ్ళలో ఆ భయం ఏళ్ళ తరబడి మిగిలిపోయే జబ్బు. ఆ పేరు వైద్యపుస్తకాల్లోకి 1980లో ఎక్కిందట, నాయన యుద్ధం అయిన తొమ్మిదేళ్ళకి. ఉద్యోగం, పిల్లలు, అప్పులు, ఇన్నాళ్ళూ వీటి కింద అణిగి ఉన్నది రిటైరయ్యాక, తోడు పోయాక పైకి రావడం ముసలివాళ్ళలో మామూలేనంది. అట్లాగని మతిమరుపు భయం పూర్తిగా తీసెయ్యలేదు. 2010లో అమెరికాలో 1,80,000 మందికి పైగా మాజీ సైనికుల రికార్డులు చూస్తే, ఏడేళ్ళలో మతిమరుపు వచ్చినవాళ్ళు పీటీఎస్‌డీ లేనివాళ్ళలో నూటికి 6.6, ఉన్నవాళ్ళలో 10.6. అందుకే ఆర్నెల్లకోసారి పరీక్ష.

దిగులు, భయం తగ్గడానికి సెర్ట్రలిన్ చిన్న మోతాదులో మొదలుపెట్టారు. మూడో వారంలో నాయన మగతగా పడిపోతే మళ్ళీ గుండె జారింది. రక్తపరీక్షలో సోడియం తగ్గింది. పెద్దవాళ్ళలో ఈ మందుతో అట్లా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి ఆలస్యం కాలేదు, మందు మార్చారు. పీడకలలకి ప్రజోసిన్, నిజానికి అది బీపీ మందు. అందరికీ పనిచేస్తుందన్న భరోసా లేదనీ, లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయనీ, రెండు నిమిషాలు మంచం మీద కూర్చుని లేవాలనీ చెప్పారు. మా నాయనకి కొంత పనిచేసింది. అన్నిటికంటే మేలు చేసింది చెవి మిషను అంటాను నేను. వెనక ఎవరొస్తున్నారో వినపడుతుంటే ఉలికిపాటు సగం పోయింది.

ఐదో సారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఒక తాడు, కొన్ని రాళ్ళు, ప్లాస్టిక్ పూలు ముందు పెట్టింది. తాడు ఆయన బతుకు. మంచికి పువ్వు, చెడ్డకి రాయి పెట్టుకుంటూ రమ్మంది. నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ అంటారు. ఆయన ఒప్పుకున్నాక నన్నూ కూర్చోనిచ్చారు. పెళ్ళికి పువ్వు, నాకు పువ్వు, తమ్ముడికి పువ్వు. యుద్ధానికి ఒక్కటే రాయి. దాని తర్వాత, జానెడు దూరంలో, వరసగా మూడు రాళ్ళు పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అవి 1972 జనవరి. కాల్పులు ఆగింది డిసెంబరు 17 రాత్రి ఎనిమిదింటికి. ఆ తర్వాత సాపర్లకి పని తీరలేదు, మైన్లు, అంటే నేలలో పాతిన మందుపాతరలు, ఏరాలి. నేలను ఏటవాలుగా పొడవాలట, మైను పక్క తగలాలి, నెత్తి తగలకూడదు. ట్యాంకు మైను మనిషి బరువుకి పేలదు, దాని చుట్టూ చిన్నవి పెడతారు, అవి కాలు తీస్తాయి. శుభ్రం చేసినంత మేర అటూ ఇటూ తెల్లటి టేపు పరుస్తారు. ఆ సాయంత్రం నాయన దగ్గర టేపు అయిపోయింది. గుడారం నుంచి ఒంటేలుకి పోయే దారికి ఒక పక్కే వేసి, మిగతాది పొద్దున వేద్దామనుకున్నాడు. తెల్లారకముందే ఆయన జోడీ, తిరునల్వేలి కుర్రాడు, లేచి ఆ దారిన పోయాడు.

గడప నుంచి బాత్రూము దాకా. రెండు పక్కలా.

ఆ రోజు తిరుగు బస్సులో నేనే ఏడ్చాను. నాయన శనక్కాయలు కొనిచ్చాడు.

ఆ కథ పది పన్నెండు సార్లు చెప్పించారు, ప్రతిసారీ రాసి, చదివి వినిపించి, మొదటి నుంచి. ఇదేం హింస అని నాకు కోపమొచ్చింది, డాక్టరమ్మతో అన్నాను కూడా. మొదటి రెండుసార్ల తర్వాత రాత్రిళ్ళు అధ్వాన్నం. ఆరో సారికి ఆ కుర్రాడు పాడే పాట, వాడి ఉత్తరాలు తను రాసిపెట్టడం, ఇవన్నీ బయటికొచ్చాయి. అప్పటిదాకా ఆ అబ్బాయికి చావు తప్ప ఇంకేమీ లేదు.

పూర్తిగా తగ్గిందా అంటే, లేదు. 2025 మేలో టీవీల నిండా యుద్ధం, వార్తకో సైరను. చానెళ్ళు ఆ శబ్దం వాడొద్దని కేంద్ర హోంశాఖ చెప్పేలోపే మా ఇంట్లో జరగాల్సింది జరిగింది. కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్రిజ్ లైటు కూడా వెలగకూడదని ప్లగ్ పీకేశాడు. మూడు రాత్రులు నిద్ర లేదు. కాకపోతే ఈసారి డాక్టరమ్మకి ఫోన్ చెయ్యమని తనే అన్నాడు. టీవీ పది రోజులు కట్టేశాం. మందు పెంచలేదు.

బీడులో ఇప్పటికీ కాలు పెట్టడు. మొన్న డాక్టరమ్మ అడిగితే "అది జబ్బు కాదమ్మా, అలవాటు" అన్నాడు. ఆమె ఏదో రాసుకుంది. నవారు ఉతికి ఆరేసి, పోయిన వారమే మళ్ళీ మంచానికి అల్లించాం. ఒక బార తక్కువొచ్చింది. మిగతాది ఎక్కడుందో నాయన్ని అడగలేదు.