ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?

ఒడిశాలోని జయపురంలో మన బడి సైన్సు మాస్టారు ఏ ప్రయోగం చేసినా చివర్న ఒకటే అడిగేవారు: "ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" చల్లటి గ్లాసు బయట చేరిన నీటిబొట్లు చూపించి అడిగేవారు. బ్లాటింగ్ కాగితం మీద సిరాచుక్క రంగురంగులుగా విడిపోతే అడిగేవారు. మన బ్యాచిలో చాలామంది విజయనగరం, విశాఖ కాలేజీలకు వెళ్ళారు. నేను పదో తరగతి అయ్యాక లారీ షెడ్డులో చేరాను. ఇంట్లో తెలుగు, షెడ్డులో ఒడియా, సంతకొచ్చే వాళ్ళతో దేశియా, ఇలా ముప్పై ఏళ్ళు దాటాయి. ఆ ప్రశ్న అడగడం మరిచిపోయి ఒక మనిషికి నష్టం చేశాను. మన బడి పత్రిక ఈ సంచికలో దాని గురించే రాయాలనిపించింది.

సొంత షెడ్డు పెట్టిన రెండో ఏడు. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి సిమెంటు లోడుతో ఒక లారీ వచ్చింది. "నీళ్ళు తాగేస్తోంది అన్నా, ఎక్కడా కారడం లేదు" అన్నాడు డ్రైవరు. గేజి లాగి చూస్తే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంది, మార్కు దాటి పైకి వచ్చింది. నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయి. హెడ్డు గాస్కెట్, అంటే ఇంజను పైమూతకీ కింది దిమ్మకీ మధ్య ఉండే పొర, పోయిందని అక్కడే తేల్చేశాను. ఘాటీలో వేడెక్కిన బండికి తరచుగా పోయేది అదే. హెడ్డు దింపి గాస్కెట్ మార్చి, కొత్త ఆయిలు, ఫిల్టరు వేసి పంపేశాను.

నెల తిరక్కుండా అదే బండిని ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చారు. క్రాంకు (ఇంజనులో తిరిగే ఇరుసు) బేరింగులు అరిగిపోయి లోపలి రాగి కనబడుతోంది. యజమానికి ఉన్నది ఆ ఒక్క బండే, దాని మీద ఫైనాన్సు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. షెడ్డు బయట పాత టైరు మీద కూర్చుండిపోయాడు. "నేనే మళ్ళీ చేస్తాను బాబాయ్, లేబరు ఇవ్వద్దు" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బేరింగుకీ క్రాంకుకీ మధ్య పల్చటి పొరలా నిలబడి, ఒకటి ఇంకోదానికి తగలకుండా చూడటం ఆయిలు పని. నీళ్ళు కలిస్తే ఆ పొర తెగుతుంది. రేడియేటరులో పోసే కూలెంట్‌లోని గ్లైకాల్ అనే రసాయనం కలిస్తే మరీ ప్రమాదం. వేడికి ఆమ్లంగా మారి బేరింగులోని సీసం లోహాన్ని తినేస్తుంది, ఆయిలును జిగురు చేసి ఫిల్టరు మూసేస్తుంది.

రెండోసారి నీళ్ళు రాగల దారులన్నీ కాగితం మీద రాసుకున్నాను: గాస్కెట్, హెడ్డులో పగులు, ఆయిల్ కూలరు, లైనర్ల (పిస్టన్లు ఆడే లోహపు గొట్టాల) అడుగు రబ్బరు రింగులు. ఆయిల్ ఛాంబరు దింపి, రేడియేటరు మూత దగ్గర చేతిపంపుతో 15 పౌన్ల ఒత్తిడి పెట్టి, కింద అట్ట పరుచుకుని టార్చితో పడుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నాలుగో లైనరు అడుగున ఒక బొట్టు ఊరింది. కాసేపటికి ఇంకోటి.

లైనరు లాగితే రబ్బరు రింగులు రాయిలా గట్టిపడి ఉన్నాయి. నీళ్ళు తగిలే వైపంతా చెద తిన్నట్టు సన్నటి గుంటలు. ఇంజను నడుస్తుంటే లైనరు అదురుతుంది. ఆ అదురుకి బయటి నీళ్ళలో చిన్న బుడగలు పుట్టి పగులుతూ, పగిలినప్పుడల్లా లోహాన్ని కొరుకుతాయి. కూలెంట్‌లో కలిపే మందు లైనరుకి కాపలా పొర కడుతుంది. ఈ బండిలో ఏళ్ళ తరబడి పోసింది గెడ్డ (వాగు) నీళ్ళే.

దానికీ కారణం ఉంది. ఘాటీలో నిండు లోడు, చిన్న గేరు, రేడియేటరుకి గాలి చాలదు. పైగా 900 మీటర్ల ఎత్తున, ఒత్తిడి నిలిపే మూత లేకపోతే నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఈ బండి మూత రబ్బరు చిరిగిపోయి ఉంది. ప్రతి ట్రిప్పులో నీళ్ళు కక్కేది, డ్రైవరు గెడ్డ దగ్గర ఆపి పోసేవాడు. తప్పు అతనిది కాదు, అతనికెవరూ చెప్పలేదు.

అప్పట్నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. అనుమానమున్న ప్రతి బండి ఆయిలూ ఒక చుక్క బ్లాటింగ్ కాగితం మీద వేసి ఆరనిస్తాను. మంచి ఆయిలు అంచుల దాకా పల్చగా పాకుతుంది, గ్లైకాల్ కలిసింది మధ్యలో నల్లగా, జిగటగా ఆగిపోతుంది. వేడి రేకు మీద చుక్క వేస్తే నీళ్ళున్న ఆయిలు చిటపటలాడుతుంది. కానీ ఆ ఒక్క పరీక్షనే నమ్మకండి. ఇంజను వేడికి నీళ్ళు ఆవిరైపోయి గ్లైకాల్ మిగిలితే రేకు మీద చప్పుడే ఉండదు. ఇంకో మాట: దింపిన కూలెంట్ కాలవలో పొయ్యకండి. అది తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకుతాయి, పిల్లలు ముట్టుకుంటారు.

రిటైరయ్యాక మాస్టారు ఒకసారి షెడ్డుకి వచ్చారు. నోటుబుక్కులో ఒక్కో మచ్చా చూస్తూ ఒక పేజీ దగ్గర ఆగారు. "మచ్చ శుభ్రంగానే ఉంది, పక్కన తెల్ల నురగ అని రాశావు. ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?"

"చలికాలం బండి మాస్టారూ. సిమిలిగుడలో రోజుకి రెండు మూడు కిలోమీటర్లే తిరిగేది. ఇంజను పూర్తిగా వేడెక్కక ఆవిరి ఆయిలు మూత కింద నీరు కట్టింది. గేజి మీద ఆయిలు బాగానే ఉంది, రేడియేటరులో నీళ్ళు తగ్గలేదు."

"గ్లాసు బయట బొట్లు."

"అవునండి."

"ఇంజను విప్పలేదుగా?"

"విప్పలేదండి. ఒకరోజు కోరాపుట్ దాకా తిప్పి తీసుకురమ్మన్నాను."

ఆయన పేజీ తిప్పారు.