సన్‌సెట్ పాయింట్ దాకా రెండుసార్లు

అమెరికాలో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఉన్నవాళ్లకి జూన్ వచ్చిందంటే ఒకటే ధ్యాస, ఎలాగోలా ఫ్లాగ్‌స్టాఫ్ కొండల్లోకి పోయి పడాలి. ఇక్కడ 1,100 అడుగుల ఎత్తు, అక్కడ దాదాపు 7 వేలు, మధ్యలో ఐ-17 హైవే మీద 140 మైళ్ల పైచిలుకు దారి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మా చిన్న ట్రైలర్ సామానుతో కలిపి 3,500 పౌండ్లు తూగుతుంది. బండికి వెనక హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) ఉంది కదా, తగిలించి పోవడమే అనుకున్నా.

బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక అసలు ఎత్తు మొదలవుతుంది. బయట 110 డిగ్రీలు, మన లెక్కలో 43. ఇంజిన్ వేడి చూపించే ముల్లు మధ్యలోంచి కదల్లేదు గానీ గేరు మాత్రం పైకీ కిందికీ కొట్టుకుంటోంది, తొక్కితే మోతే తప్ప లాగుడు లేదు. "ఏవండీ, ఏదో మాడు వాసన వస్తోంది" అంది మా ఆవిడ. బావమరిది ఎప్పుడో పెట్టి ఇచ్చిన ఓబీడీ బ్లూటూత్ ముక్క (బండి లోపలి లెక్కలు ఫోన్‌కి పంపేది) ఉండబట్టి తను ఫోన్లో చూసింది: ట్రాన్స్‌మిషన్ ఆయిల్, అంటే గేర్‌బాక్స్ ఆయిల్, 252 ఫారెన్‌హీట్. మామూలుగా అది 200 లోపు ఉండాలి. హజార్డ్ లైట్లు వేసుకుని, లారీల వెనకాలే పాక్కుంటూ సన్‌సెట్ పాయింట్ రెస్ట్ ఏరియాకి చేరాం. ఆయిల్ తిరుగుతూ ఉండాలని ఇంజిన్ ఆపకుండా గేరు పార్క్‌లో పెట్టి, నీడలో కూర్చుని పులిహోర తిని, వచ్చిన దారినే వెనక్కి దిగిపోయాం. పిల్లల మొహాలు చూడలేకపోయా.

ఇంటికొచ్చాక మాన్యువల్ తిరగేస్తే అప్పుడు తెలిసింది, ఈ బండి 5,000 పౌండ్లు లాగేది టో ప్యాకేజీతో, అంటే బరువు లాగడానికి కంపెనీ బిగించి ఇచ్చే సామానుతో, వస్తేనే. మాది అలా రాలేదు, మాకు ముందు వాడినవాళ్లు హిచ్ ఒక్కటే బిగించుకున్నారు. ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు అది లాక్ కాకుండా జారుతూ ఆయిల్‌ని చిలికేస్తుంది, ఆ చిలుకుడే వేడి. ఆయిల్‌ని చల్లార్చడానికి రేడియేటర్ లోపల ఉండే చిన్న కూలర్ దానికి చాలదు. ఆయిల్ దించితే ఫిల్టర్ కాఫీ డికాషన్‌లా ఉంది, కొత్తదేమో దానిమ్మ రసం రంగు.

శనివారం బావమరిది వచ్చాడు. బంపర్ విప్పి, ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) ముందు ప్లేట్ల రకం కూలర్ పెట్టాం. రేడియేటర్‌లోంచి వచ్చిన ఆయిల్ దీంట్లో ఇంకోసారి చల్లారి గేర్‌బాక్స్‌కి వెళ్లాలి, అంటే కోయాల్సింది తిరుగు గొట్టాన్ని. ఏది తిరుగుదో తెలియక, చల్లటి బండి స్టార్ట్ చేసి రెండూ పట్టుకుని చూశాం. ముందు వేడెక్కింది రేడియేటర్‌కి వెళ్లేది, రెండోది తిరుగుది. ఇంట్లో ఉన్న పెట్రోలు గొట్టం వాడేద్దామంటే వాడు కస్సుమన్నాడు: "బావా, ఆ వేడికి అది పగిలితే హైవే మీద ఆయిలంతా పోతుంది. వేరేది తెద్దాం పద." తెచ్చాం. కూలర్‌ని ప్లాస్టిక్ టైలతో కట్టేసేవాళ్లున్నారు, నాకు నచ్చదు, అదురుడుకి ఫిన్లు, అంటే దాని సన్నటి రేకులు, ఒరుసుకుపోతాయి. ఇనప పట్టీలు వేశాం. ఆయిల్ కారుతోందేమో చూద్దామని రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, ఇంట్లోకొచ్చి పడుకుంటే పొద్దున్నే దాని మీద ఎర్రటి చుక్కలు మూడు. ఒక క్లాంప్ వదులుగా ఉంది, ఇంకో చుట్టు తిప్పాం.

సెప్టెంబర్‌లో మళ్లీ అదే దారి, అదే ట్రైలర్, బయట 100. ఈసారి గేరు కొట్టుకోకుండా చేత్తో కిందిదాంట్లోనే ఉంచి, గంటకి 50 మైళ్లు దాటకుండా పోనిచ్చా. మా ఆవిడ ఫోన్ చూస్తూ క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెప్తోంది: 190, 198, 205... 212 దగ్గర ఆగింది. అవసరం లేకపోయినా సన్‌సెట్ పాయింట్‌లో ఆగాం, పులిహోర కోసం.

ఆ రాత్రి ఫ్లాగ్‌స్టాఫ్ పైన్ చెట్ల కింద స్వెట్టర్లు తీయాల్సి వచ్చింది. వెంట తెచ్చిన అట్టముక్క బండి కింద పెట్టే పడుకున్నా. తెల్లారి చూస్తే తడి మరక. గుండె గుభేల్‌మంది. వేలితో ముట్టి వాసన చూశా, ఏసీ నీళ్లు.