డిస్కు పోలేదు, చెరిపిన పద్ధతే తప్పు

రాత్రి పదకొండున్నరకు చిక్కుముడి వీడింది. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

లినక్స్‌లో ఇంటి ఫొటోలను డీవీడీ మైనస్ ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాయగల డిస్కు) మీదకు ఎక్కించి, నెలనెలా కొత్తవి అదే డిస్కుకు చేర్చుకోవాలనుకున్నాను. డ్రైవ్‌కు అనుమతి లేదంటే నా యూజర్‌ని సీడీరామ్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ వచ్చాను. డివైస్ బిజీ అంటే అన్‌మౌంట్ చేశాను. అక్కడిదాకా ఐదు నిమిషాల పని.

అసలు బాధ ఆ తర్వాతే. పాత డిస్కు చెరిపి మొదటి విడత రాస్తే చక్కగా రాసింది, ఫొటోలన్నీ తెరుచుకున్నాయి. రెండో విడత చేర్చబోతే ససేమిరా అంది. మళ్లీ చెరిపాను, మళ్లీ రాశాను, మళ్లీ అదే. నా దగ్గరున్న మూడు డిస్కులదీ ఇదే వరస. లినక్స్ బాగా తెలుసని పేరున్న ఒక పరిచయస్తుణ్ణి అడిగాను. ఏం మెసేజ్ వచ్చిందని కూడా అడగకుండా, "అవి పోయాయండీ, పారేయండి. ఇంకా డిస్కులేంటి ఈ రోజుల్లో?" అన్నాడు, నలుగురి ముందు. తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి రెండు డిస్కులు చెత్తలో వేశాను.

కొత్త డిస్కు తెచ్చి పెడితే రెండు విడతలూ రాసింది. అతని మాటే నిజమనుకున్నాను. ఎందుకైనా మంచిదని దాన్నీ ఒకసారి చెరిపి చూశాను. అంతే, అదీ మొండికేసింది. వెయ్యిసార్ల దాకా తిరగరాయొచ్చనే సరుకు ఒక్క చెరుపుకే పోతుందా?

అప్పుడు టెర్మినల్ తెరిచి, డిస్కు రాసే కమాండు గ్రోఐసోఎఫ్ఎస్ చెప్పే ప్రతి లైనూ చదివాను. మధ్యలో కనిపించింది: 'ఫీచర్ 21హెచ్ ఈజ్ నాట్ ఆన్, ఎంగేజింగ్ డీఏఓ'. అంటే విడతలవారీగా రాసే సౌకర్యం లేదు, డీఏఓ పద్ధతిలో రాస్తున్నానని. విషయమంతా ఆ ఒక్క లైనులోనే ఉంది. త్వరగా చెరిపే పద్ధతిలో డిస్కు మొదట్లో కొద్ది భాగమే తుడుస్తారు. అలా చెరిపిన డీవీడీ మైనస్ ఆర్‌డబ్ల్యూ మీద డ్రైవ్ విడతలవారీగా రాయనివ్వదు. ఒకే దఫాలో రాసి మూసేయాల్సిందే, డీఏఓ అంటే అదే. నేను వాడిన ప్రోగ్రాములో 'ఫాస్ట్' అనేదే ముందుగా టిక్ పెట్టి ఉంది. చెరపడం పూర్తయిందని పచ్చరంగులో చూపిస్తుంది, ఈ సంగతి మాత్రం చెప్పదు.

డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ ఫార్మాట్ అనే కమాండుకు (పేరులో ప్లస్ ఉన్నా మైనస్ డిస్కులకూ పనిచేస్తుంది) బ్లాంక్ ఆప్షన్‌లో 'ఫుల్', అంటే పూర్తిగా చెరపమని, ఇచ్చాను. రెండు ఎక్స్ వేగంలో సుమారు అరగంట పట్టింది. తర్వాత ఆ లైను రాలేదు, రెండో విడత చేరింది. అరగంట ఆగలేనివాళ్లు అదే కమాండుకు 'ఫోర్స్' ఇచ్చి డిస్కును రెస్ట్రిక్టెడ్ ఓవర్‌రైట్‌కు, అంటే ఉన్నదాని మీదే తిరగరాసే పద్ధతికి, మార్చుకోవచ్చు, ఆపైన చెరిపే పనే ఉండదు. మైనస్ బదులు డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ అనే రకం డిస్కు కొంటే అసలు ఈ తలనొప్పే రాదు. ఇకమీదట నేను కొనేది అదే.

మీడియా ఇన్ఫో కమాండు కొడితే డిస్కు ఏ స్థితిలో ఉందో అరనిమిషంలో తెలుస్తుంది: 14హెచ్ అంటే సీక్వెన్షియల్ (వరసగా రాసేది, మళ్లీ రాయాలంటే చెరపాల్సింది), 13హెచ్ అంటే రెస్ట్రిక్టెడ్ ఓవర్‌రైట్. అదైనా చూడకుండా డిస్కు పోయిందనేవాళ్ల దగ్గర సలహా అడగకండి. తెలియకపోతే తెలియదనడం పెద్ద మర్యాద.

పారేయకుండా మిగిలిన మూడో పాత డిస్కునూ పూర్తిగా చెరిపాను. మూడు విడతలు రాసి, ప్రతిసారీ బయటికి తీసి మళ్లీ పెట్టి చూశాను. ఫొటోలన్నీ ఉన్నాయి. చెత్తబండి ఎత్తుకెళ్లిన ఆ రెండూ కూడా మంచివే.