'ఇన్ గుడ్ సూత్' దగ్గర ఆరోసారి బోల్తా

షేక్‌స్పియర్ నాటకాన్ని తెలుగులోకి తెస్తూ, అక్కా బావగారూ నేనూ పాత్రలు పంచుకుని పైకి చదువుకుంటున్నాం. అందులో 'ఇన్ గుడ్ సూత్' అనే చిన్న ఒట్టు దగ్గర ఆరో ప్రయత్నం కూడా పోయింది. నిన్న రాత్రి పదకొండింటికి అక్క కాగితాలు మడిచి పక్కన పెట్టి, "ఈ ఒక్క ముక్క వదిలేసి ముందుకు పోరా" అంది. వదిలేయాలనే నాకూ ఉంది. కానీ 'హెన్రీ ది ఫోర్త్' మొదటి భాగం, మూడో అంకం, మొదటి రంగంలో ఆ తర్వాత వచ్చే సరదా అంతా ఆ మూడు మాటల మీదే నిలబడింది.

వేల్స్‌లో, రాజు మీద తిరగబడ్డవాళ్లంతా కూర్చుని పాట వింటారు. అక్కడి నాయకుడు గ్లెండోవర్ కూతురు వెల్ష్‌లో పాడుతుంది. హాట్‌స్పర్ అనే ఇంగ్లీషు దొర తన భార్య వైపు తిరిగి, కేట్, నీ పాట కూడా వినాలి అంటాడు. ఆవిడ "నాట్ మైన్, ఇన్ గుడ్ సూత్" అంటుంది. నేను పాడను, నిజంగా అని. ఇక ఇతను అందుకుంటాడు. మిఠాయిలు చేసేవాడి పెళ్లాంలా ఈ ఒట్లేమిటి? 'నేను బతికున్నంత నిజం', 'పొద్దు పొడిచినంత నిజం' ఏమిటి? ఫిన్స్‌బరీ దాటి ఎరగనిదానిలా ఈ పల్చటి పట్టుగుడ్డ ఒట్లేమిటి? దొరసానివి, దొరసానిలా నోరు నిండే ఒట్టు పెట్టు! ఫిన్స్‌బరీ అంటే అప్పట్లో లండన్ గోడల అవతల ఊరి జనం షికారుకు పోయే మైదానం. చప్పటి ఒట్టు పెడితే కొట్టు నడుపుకునే పట్నవాసపు వాసన, గట్టిగా పెడితే గొప్పింటి వాసన. ఆ ఎత్తిపొడుపు తెలుగులోకి దిగాలి. అది దిగడం లేదు.

మొదట "నేను పాడను, నిజంగా" అని రాశాను. ఇంగ్లీషులో మూడు అక్షరాలు, తెలుగులోనూ మూడే, లెక్క కుదిరిందని సంబరపడ్డాను. బావగారు హాట్‌స్పర్‌గా "నిజంగానా?" అనగానే అది ఎగతాళి కాలేదు, మామూలు ప్రశ్నయింది. మన 'నిజంగా'లో ఒట్టు లేదు.

రెండోది "ఒట్టు". అక్క చదవడం ఆపి "ఎవరి మీద?" అంది. ఆ ప్రశ్న దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఆగకుండా మూడోసారి "అమ్మతోడు" పెట్టాను. నాలుగు అక్షరాలు, నోరు నిండిపోయింది. నిండాల్సింది హాట్‌స్పర్ నోరు కదా! కేటే తొడకొట్టినట్టు అంటే, ఇంకా గట్టిగా పెట్టమని ఇతను ఏ మొహంతో అడుగుతాడు?

నాలుగోది "రామ రామ, నేనా పాడేది!" అక్క గొంతులో ఇది అద్భుతంగా పలికింది. నార్తంబర్లండ్ దొరసాని నోట రాముడేమిటన్న మాట అటుంచినా, ఇందులో ఇంకో తిరకాసుంది. అక్కడ దేవుడి పేరు ఊరికే ఎత్తితే పాపం. అందుకే గాడ్స్ వూండ్స్ (దేవుడి గాయాలు) అరిగి జౌండ్స్ అయింది, గాడ్స్ బ్లడ్ (దేవుడి నెత్తురు) అరిగి స్‌బ్లడ్ అయింది, కన్య మేరీ పేరు 'మ్యారీ'లో దాక్కుంది. మనకు పేరెత్తితే పుణ్యం. ఆవలింత వచ్చినా రాముణ్ణి పిలుస్తాం. మనం దాచేది చెడును. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం, దీపం ఆరితే 'కొండెక్కింది' అంటాం. కాబట్టి దేవుడి పేరును తగ్గించి, పెంచి ఒట్టు బరువు మార్చే ఆట తెలుగులో ఆడలేం.

ఐదోది "అబద్ధమైతే కళ్లు పోతాయి". బడిపిల్లల మాట. తీసేశాను.

ఆరోదే నిన్నటిది. కేట్ మాట "నిజంగా" అనే ఉంచి, బరువంతా హాట్‌స్పర్ వైపు తోశాను. "ఇదీ ఒక ఒట్టేనా? పెడితే పుస్తెల మీద పెట్టు!" బావగారు చదివేశారు. అక్క జవాబు చెప్పలేదు. నా ఫోన్ రికార్డింగులో ఆరు సెకన్లు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. 1403లో ష్రూస్‌బరీ యుద్ధంలో హాట్‌స్పర్ చస్తాడని మా ముగ్గురికీ తెలుసు. రెండు అంకాల తర్వాత కూలిపోయే మనిషి, పెళ్లాన్ని పుస్తెల మీద ఒట్టు పెట్టమంటున్నాడు. రంగం బరువెక్కింది, నవ్వు చచ్చింది. విడిగా చూస్తే నా ఆరింటిలో మంచిది ఇదే, అదే నా బాధ.

నా అనుమానం ఇది. వాళ్ల ఒట్టు బరువు దేవుడి ఒంటికి ఎంత దగ్గరగా పోయామన్న దాన్ని బట్టి ఉంటుంది. గాయం, నెత్తురు, గుండె అయితే బరువు. సత్యం, పగటి వెలుగు అయితే తేలిక. మన ఒట్టు బరువు, మాట తప్పితే ఎవరికి తగులుతుందన్న దాన్ని బట్టి. తూకం రాళ్లే వేరు. పైగా మనకు 'ఒట్టు తీసి గట్టున పెట్టు' అనే సదుపాయం కూడా ఉంది!

మిగతావి బాగానే నడిచాయి. గ్లెండోవర్ భూతాల్ని పిలిచే ముక్క ఒక్క పూటలో వచ్చేసింది. జౌండ్స్‌కు 'తస్సాదియ్యా' సరిపోయింది. 'మిఠాయి కొట్టు శెట్టిగారి భార్య' అని మొదట రాసింది కులం మీదకు పోతోందని కొట్టేశాను.

నాటకం ఏ ప్రతి వాడాలన్నదాని గురించి ఒక మాట. నా ఓటు 1598 నాటి క్వార్టోకే, అంటే ఈ నాటకం విడిగా అచ్చయిన చిన్న పుస్తకానికే. అందులో హాట్‌స్పర్ ఈ ఎత్తిపొడుపును 'హార్ట్' అనే తన సొంత ఒట్టుతో మొదలుపెడతాడు. దేవుడి గుండె అన్నమాట. షేక్‌స్పియర్ నాటకాలు కలిపి వేసిన పెద్ద పుస్తకం, 1623 ఫోలియోలో అది లేదు. గట్టిగా ఒట్టు పెట్టమని దబాయించేవాడి ఒట్టే ఎగిరిపోయింది! నాటకంలో దేవుడి పేరును వేళాకోళంగా వాడితే పది పౌన్ల జరిమానా అని 1606లో చట్టం వచ్చింది. గ్లోబ్ నాటకశాలలో నిలబడి చూసేవాడు ఇచ్చేది ఒక పెన్నీ, అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు. అంటే ఒక్క మాటకు 2400 మంది టిక్కెట్టు డబ్బు. చట్టం స్టేజీ మాటకే, అచ్చుకు కాదు. అయినా ఫోలియోకు చేరిన ప్రతికి ఎక్కడో వడపోత పడింది. ఇప్పటి ముద్రణల్లో చదువుకోవడానికి ఆర్డెన్ మంచిదే, కానీ ఒక్కో పేజీలో రెండు లైన్ల నాటకం కింద నోట్సు వరద. ముగ్గురం కూర్చుని పైకి చదవడానికి ఫోల్జర్ ముద్రణే హాయి.

ఏడోసారికి 'అబ్బే' పట్టుకుందామనుకుంటున్నాను. "అబ్బే, నేను పాడనండీ." "ఏమిటా అబ్బే! అబ్బేలూ చాల్లెండిలూ కొట్లో బేరాలాడే వాళ్లకి వదిలెయ్!" ఇందులో ఒట్టు లేదు, కానీ తేలికదనం ఉంది, ఇంటి వాసన ఉంది. నోరు నిండే ఒట్టు పెట్టమనే లైను మాత్రం ఇంకా గాల్లోనే వేలాడుతోంది.

అదీ కుదరకపోతే కొన్నాళ్లు షేక్‌స్పియర్ కాలం నాటి మరో నాటకకర్త బెన్ జాన్సన్ వైపు పోతాను. 'ఎవ్రీ మ్యాన్ ఇన్ హిజ్ హ్యూమర్'లో బాబడిల్ అనే డాబుసరి సైనికుడు 'ఫారో పాదం సాక్షిగా' అని ఒట్లు పెడుతుంటాడు. స్టీఫెన్ అనే వెర్రివాడు వాటిని చాటుగా వల్లె వేసి, తనకు ఆ వాటం రావడం లేదని కుమిలిపోతాడు. ఇప్పుడు నా పరిస్థితి అచ్చం అదే. ఫారో అంటే పాతకాలపు ఈజిప్టు రాజు. ఇప్పుడు ఎవరి దేవుడూ కాదు, ఎవరి అమ్మా కాదు కాబట్టి తెలుగులో హాయిగా దిగుతాడు. వచ్చే ఆదివారం అక్కకు పెళ్లి పిలుపులున్నాయట. బావగారూ నేనూ ఇద్దరమే, ఆడవాళ్ల భాగాలు లేని రంగం ఏదో చూసుకోవాలి.