కేజీ కౌంటు, పౌండు కౌంటు

"ఖర్చెంతండీ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. నేనిచ్చిన కాయితం ఇంకా చదవనేలేదు.

"ఏమీ లేదు సార్. ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు."

"వెళ్ళకపోతే అంతర్జాతీయం ఎలా అవుతుందండీ?"

న్యాయమైన ప్రశ్నే. నరసాపురం దగ్గర మాదో చిన్న డిగ్రీ కాలేజీ. నేను ఇంగ్లీషు చెబుతాను. విదేశీ విద్యార్థిని మా ఆవరణలో ఎప్పుడూ చూడలేదు. నేను అడిగింది "కాయిల్" అనే పద్ధతికి అనుమతి. పూర్తి పేరు కొలాబరేటివ్ ఆన్‌లైన్ ఇంటర్నేషనల్ లెర్నింగ్. రెండు దేశాల్లో ఇద్దరు టీచర్లు తమ క్లాసుల్ని కొన్ని వారాలపాటు జత కలుపుతారు. ముందు పరిచయాలు, తర్వాత చర్చ, ఆపైన జట్లుగా ఏదో ఒకటి తయారుచేయడం. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ళు 2006లో దీనికోసం ఒక కేంద్రమే పెట్టారు. విమానం టిక్కెట్టు కొనలేని పిల్లలకి ఇదొక దారి అని నా ఆశ. ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టి, "కరెంటు బిల్లు మాత్రం చూసుకోండి" అన్నారు.

జత దొరకడానికే నాలుగు నెలలు పట్టింది. పదకొండు ఉత్తరాలు రాశాను. పెద్ద పేరున్న యూనివర్సిటీల నుంచి ఉలుకూ పలుకూ లేదు. చివరికి లూసియానా తీరంలోని ఒక కమ్యూనిటీ కాలేజీ నుంచి, అక్కడ ఇంగ్లీషు రచన చెప్పే ఆవిడ రెండు లైన్ల జవాబు రాసింది: "మాదీ మీలాంటి కాలేజీయే. ఎప్పుడు మొదలుపెడదాం?"

కమ్యూనిటీ కాలేజీ అంటే మనకి సరిగ్గా సరిపోయే పోలిక లేదు. రెండేళ్ళ చదువు, తక్కువ ఫీజు, చేరడానికి పెద్ద వడపోత ఉండదు. ఇల్లినాయిలోని జోలియట్‌లో 1901లో పెట్టిన కాలేజీని అమెరికా ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అన్నిటికంటే పాతదిగా చెబుతారు. పగలు పనిచేసి రాత్రి చదివేవాళ్ళు ఎక్కువ. ఆవిడ క్లాసులో చిన్నవాడికి పద్దెనిమిది, పెద్దావిడకి నలభయ్యారు. ఒకతను సముద్రంలో చమురు ప్లాట్‌ఫారం మీద రెండు వారాలు పని, రెండు వారాలు ఇల్లు. క్లాసుకి అక్కడినుంచే వచ్చేవాడు, వెనకాల మోటారు హోరుతో సహా. మా పిల్లలు దానికే ఆశ్చర్యపోయారు. అమెరికా అంటే వాళ్ళ ఊహలో సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకో ఉద్యోగం లేదు.

మొదట్లో వచ్చిన చిక్కులు చాలానే ఉన్నాయి గానీ రెండు చెబుతాను. నేను అలవాటుగా వాట్సాప్ గ్రూపు పెట్టి పిల్లల నంబర్లన్నీ ఆవిడకి పంపేశాను. ఆవిడ కంగారుపడింది. విద్యార్థుల వివరాల గోప్యతకి వాళ్ళకి 1974 నాటి చట్టం ఉంది, ఫెర్పా అంటారు. ఫొటో పెట్టాలన్నా సంతకం కావాలి. మా పిల్లలకి ఆ ఫారాలు పంచితే ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, నా ఫొటోకి నా పర్మిషనా?" కాలేజీ ఫ్లెక్సీ మీద దాని ఫొటో మూడేళ్ళుగా వేలాడుతోంది. నేనేం చెప్పను?

రెండోది పేర్లు. మన పేరులో ఇంటిపేరు ముందు ఉంటుంది కదా. ఆవిడ జాబితా చూసి అందరినీ ఇంటిపేరుతో ఎంతో ఆప్యాయంగా పిలిచేది. ఒకబ్బాయి ఇంటిపేరు నక్క. "హలో నక్కా, ఎలా ఉన్నావు?" అనగానే ల్యాబు ల్యాబంతా పడీపడీ నవ్వింది. ఇందులో నవ్వడానికేముందో వివరించడానికే పావుగంట.

మార్కుల సంగతి మాత్రం నాకిప్పటికీ మింగుడుపడలేదు. వాళ్ళకిది కోర్సులో భాగం, మార్కులున్నాయి. మా పిల్లలకి సున్నా. మొదటి ఏడాది తర్వాత మా దగ్గర 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. దాన్లో కలపమని అడిగాను. అది వేసవిలో చేసేది, కుదరదన్నారు. ఇరవై నలుగురితో మొదలై పదిహేడుకి వచ్చామంటే కారణం అదే. ఉన్న పదిహేడు మందీ మంగళవారం పొద్దున్న ఆరింటికి వచ్చేవాళ్ళు. అక్కడ సోమవారం రాత్రి ఏడున్నర. సఖినేటిపల్లి అమ్మాయి పంటు మీద గోదావరి దాటి అంత పొద్దున్నే రాలేక, సోమవారం రాత్రికే ఇవతల ఒడ్డున పిన్నిగారింటికి వచ్చి పడుకునేది.

సెప్టెంబరు చివర్లో మొదటి క్లాసు ఘోరంగా జరిగింది. మావాళ్ళు తాజ్‌మహల్, యోగా, భిన్నత్వంలో ఏకత్వం అని ముప్ఫై స్లైడ్లు చూపించారు. వాళ్ళు జాజ్ సంగీతం, మార్డిగ్రా పండగ చూపించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఎవరూ ఎవరినీ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంటికెళ్తూ అనుకున్నాను, తాజ్‌మహల్ మా పిల్లల్లో ఎవరు చూశారని? నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరు మీదనే "మడపోలం" అనే నూలుగుడ్డ ఒకప్పుడు యూరపుకి వెళ్ళింది. నరసాపురం లేసు అల్లికలు ఈనాటికీ విదేశాలకి పోతూనే ఉన్నాయి. క్లాసులో ఇద్దరి తల్లులు కువైట్‌లో ఇళ్ళలో పనిచేస్తున్నారు. వాళ్ళకి అరబ్బీ వచ్చు, పరాయి వంటిల్లు ఎలా నడుస్తుందో తెలుసు. మేం చూపించింది తాజ్‌మహల్.

రెండో వారానికి ఇద్దరం టీచర్లం ఒక మాట అనుకున్నాం. స్లైడ్లు వద్దు, ఎవరింట్లో ఉన్న వస్తువు వాళ్ళు తెచ్చి చూపించాలి.

అక్కడో అమ్మాయి కెమెరా ముందు ఒక ప్లాస్టిక్ సంచి ఎత్తి పట్టుకుంది. గడ్డకట్టిన రొయ్యలు. వెనక చిన్న అక్షరాలతో "ప్రాడక్ట్ ఆఫ్ ఇండియా". మా రొయ్యల చెరువుల అబ్బాయి కుర్చీలోంచి లేచిపోయాడు. "మేడమ్, అది మాదేనేమోనండీ ఆయ్!"

సంచి మీద 31–40 అని ఉంది. మావాడు చూసి తల అడ్డంగా ఊపాడు. ముప్ఫై కౌంటు అంటే చేతి మందాన ఉండాలి, ఇవి అంత లేవు, మోసం అన్నాడు. పది నిమిషాలు వాదన. అప్పుడు తేలింది. మనకి కౌంటు అంటే కేజీకి ఎన్ని తూగుతాయో ఆ లెక్క. వాళ్ళది పౌండు లెక్క. వాళ్ళ 31–40 మన లెక్కలో దాదాపు 70–90 కౌంటు. బోర్డు మీద రెండు పక్కలా గుణించుకున్నారు. ఇంగ్లీషు మీడియం వచ్చాక క్లాసులో నోరు విప్పని పిల్లాడు ఆ రోజు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. వ్యాకరణం సంగతి అడక్కండి.

అప్పటిదాకా సరదాగానే ఉంది. ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. వాళ్ళ తాత మెకాంగ్ డెల్టాలో చేపలు పట్టేవాడు. 1975 తర్వాత వియత్నాం వదిలి అమెరికా తీరానికి చేరి, మళ్ళీ పడవే కొనుక్కున్నాడు. ఇప్పుడు నాన్నది అదే పడవ. విదేశీ రొయ్య దిగుమతితో రేవులో ధర పడిపోయి, డీజిలు ఖర్చుకి కూడా రావట్లేదు. "మా నాన్న ఈ సంచిని ఇంట్లోకి రానివ్వడు, క్లాసు కోసం దాచి తెచ్చాను" అంది.

మావాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ మన రొయ్య మీద వేసే యాంటీ డంపింగ్ సుంకం అమెరికాలో 2005 నుంచే ఉంది. విదేశీ రొయ్య వడ్డిస్తే ఆ మాట గిరాకీలకి చెప్పాలని లూసియానా 2019లో చట్టమే చేసుకుంది. అవన్నీ ఒక ఎత్తు, 2025 ఆగస్టులో వేసిన 50 శాతం సుంకం ఒక ఎత్తు. చెరువు గట్టు మీద ధర పడిపోయి కొందరు అప్పుడే చెరువుల్లో రొయ్యలు పట్టేసుకున్నారు. ఎవరివల్ల తన తండ్రికి నష్టమని ఆ పిల్ల అనుకుంటోందో, ఆ పిల్లాడి తండ్రి కూడా ఆ నెలలోనే నష్టపోయాడు. ఇద్దరూ ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకున్నారు, అంతే. కౌగిలింతలేమీ లేవు.

తర్వాత ఇంకొకతను, "మీ రొయ్యల్లో యాంటీబయాటిక్స్ ఉంటాయటగా?" అన్నాడు. మావాడికి కోపం వచ్చింది. మా జువాలజీ మాస్టారు అందుకుని క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి ఇక్కడా నిషేధమేననీ, సరుకు వెళ్ళేముందు పరీక్షలుంటాయనీ చెప్పారు. అంతటితో అయిపోయేదే. వెనక వరసలోంచి మా మొగల్తూరు వైపు అమ్మాయి తెలుగులో అంది: "మందులు లేవని చెప్పారు, బానే ఉంది. మా చేను సంగతి కూడా చెప్పండి సార్."

వాళ్ళది వరి చేను. పక్కన చెరువులు తవ్వాక ఉప్పు ఊటెక్కి చౌడు తేలిపోయింది. మూడేళ్ళుగా రెండో పంట, దాళ్వా, వెయ్యలేదు. చెరువుల అబ్బాయి, "అది మా చెరువు కాదు కదా" అన్నాడు. "ఎవరిదైతే ఏంటి, నీళ్ళకి సర్వే నంబరు తెలుస్తుందా?" అంది. ఇద్దరూ రెండేళ్ళుగా ఒకే క్లాసు, ఒకే బస్సు. ఈ మాట ఎప్పుడూ రాలేదు. అవతల తెర మీద పద్నాలుగు మంది, భాష తెలియక, కళ్ళప్పగించి చూస్తున్నారు. నేను అనువదించాలా వద్దా? ఊరి గొడవ పరాయివాళ్ళ ముందు పెట్టడం ఏమిటని ఒక క్షణం అనిపించింది. చెప్పేశాను. చమురు ప్లాట్‌ఫారం అతను నవ్వాడు. "మా ఊళ్ళోనూ ఇంతే. చమురు కాలవలు తవ్వి ఉప్పునీళ్ళు చిత్తడినేలల్లోకి తెచ్చింది నాకు జీతమిచ్చే పరిశ్రమే" అన్నాడు.

అక్టోబరు 28 క్లాసు జరగలేదు. ఆ రాత్రే మొంథా తుపాను మా తీరం దాటింది. అవతలి నుంచి ఆగకుండా మెసేజీలు. తుపాను కబుర్లు మాత్రం రెండువైపులా వద్దన్నా ఆగలేదు. వాళ్ళకి 2005 కత్రినా, 2021 ఐడా. మావాళ్ళ అమ్మానాన్నలకి పేరు కూడా లేని తొంభయ్యారు తుపాను, కోనసీమలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడిపోయినది. మొంథా పేరు థాయిలాండ్ ఇచ్చిందని మేం చెబితే, అదేమిటి, తుపాను మీది, పేరు వాళ్ళదా అన్నారు. అక్కడ ఎవరి కారులో వాళ్ళు వందల మైళ్ళు పారిపోతారట. ఇక్కడ పంచాయతీవాళ్ళు బస్సు పెట్టి షెల్టరుకి తీసుకెళ్ళి పులిహోర పొట్లం ఇస్తారు. "మీ ఇంటికి ఇన్సూరెన్స్ ఎంత?" అని వాళ్ళు. "ఇంటికి కూడా ఉంటుందా?" అని మావాళ్ళు.

నవంబరు 4న మళ్ళీ ఆరింటికి వచ్చి కూర్చున్నాం. తెర మీద ఎవరూ లేరు. ఆరుంపావు, ఆరున్నర. మా టైమింగులన్నీ చూసేది కువైట్ అమ్మాయి. అమ్మతో మాట్లాడటానికి దాని ఫోనులో ఎప్పుడూ రెండు గడియారాలు ఉంటాయి. దానిక్కూడా అంతుపట్టలేదు, ఎందుకంటే కువైట్‌లో గడియారం మార్చరు. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. వాళ్ళ ఏడున్నర మాకు ఏడైంది. ఆ ఖాళీ గంటలో అటెండరు టీ తెచ్చాడు. చెరువు, చేను పక్కపక్కన కూర్చుని ఏదో లెక్క రాసుకుంటున్నారు. నేను కదిలించలేదు.

చివరి పని ఒక పెద్ద పట్టిక. ఒక రొయ్య సీడు (రొయ్య పిల్ల) నుంచి కంచం దాకా ఎక్కడెక్కడ తిరుగుతుంది, ఎవరికెంత వస్తుంది. ఆ పని మీద మావాళ్ళు మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య అసలు మనది కాదనీ, అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిదనీ, 2009లో ఇక్కడ సాగుకి అనుమతిచ్చారనీ కనిపెట్టారు. ప్లాంటులో తలలు తీసి వలిచే గడి మాత్రం మా లెక్కల్లో ముందు ఖాళీగా ఉంది. ఆ షెడ్డులో మంచునీళ్ళల్లో చేతులు పెట్టి నిలబడేది మా క్లాసు అబ్బాయి తల్లే. వాడు రెండు వారాల తర్వాత ఎవరికీ చెప్పకుండా ఆ గడి నింపాడు.

మొగల్తూరు అమ్మాయి ఇంకో వరస కలిపింది: "చెరువు పక్కన". చెరువుల అబ్బాయి నాన్నకి చెప్పకుండా నీళ్ళలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు తెచ్చి, వాళ్ళ చేలో బోరు నీళ్ళు చూశాడు. సాలినిటీ 3 పీపీటీ, అంటే లీటరుకి దాదాపు మూడు గ్రాముల ఉప్పు. ఆ అంకె ఆ గడిలో వేశారు. మర్నాటికి లూసియానా నుంచి కింద ప్రశ్న వచ్చింది: "ఇవి తాగే నీళ్ళా?"

ఆ అమ్మాయి నన్నడక్కుండానే జవాబు రాసింది: "కాదు. తాగేవి టిన్ను పది రూపాయలు."