అమాల్ఫీ తీరం: రోడ్డుని నమ్ముకోకండి, పడవెక్కండి

ఇటలీలోని అమాల్ఫీ తీరానికి వెళ్లేవాళ్లలో చాలామంది ప్లాన్ ఇలా ఉంటుంది: నేపుల్స్‌లో దిగడం, సర్కమ్‌వెసువియానా రైలెక్కి సొరెంటో చేరడం, అక్కణ్ణుంచి బస్సులో ఆ తీరంలోని పొజిటానో ఊరికి. మ్యాపులో చూస్తే ఇదే దగ్గరి దారి. జులై, ఆగస్టుల్లో పెద్ద పెట్టెలతో ఈ దారిన వెళ్తే మాత్రం ఆ రోజంతా ప్రయాణానికే సరిపోతుంది. ఆ రైలుకి గంటకు పైనే పడుతుంది, లోకల్ రైలు కాబట్టి సామాను పెట్టుకునే చోటు ఉండదు. సొరెంటోలో దిగాక బస్సు కోసం మళ్లీ క్యూ.

దానికి బదులు తీరానికి తూర్పు వైపున్న సలెర్నో నుంచి రండి. రోమ్ నుంచి సలెర్నోకి నేరుగా హైస్పీడ్ రైళ్లున్నాయి, సుమారు రెండు గంటల ప్రయాణం. నేపుల్స్ నుంచి వేగమైన రైలైతే ముప్పావు గంట. స్టేషన్ బయటికొచ్చి సముద్రం వైపు చదునైన రోడ్డు మీద కొన్ని నిమిషాలు నడిస్తే పియాజ్జా డెల్లా కాంకోర్డియా రేవు వస్తుంది. అక్కడ పడవెక్కితే దాదాపు 35 నిమిషాల్లో అమాల్ఫీ ఊరు, గంటా పది నిమిషాల్లో పొజిటానో. కొన్ని పడవలు మోలో మాన్‌ఫ్రెడి అనే ఇంకో రేవు నుంచి బయల్దేరతాయి. అది ఊరికి అవతలి చివర ఉంది, స్టేషన్ నుంచి సామానుతో నడవగలిగే దూరం కాదు. అందుకే టికెట్ మీద రేవు పేరు ముందే చూసుకోండి. పెద్ద పెట్టెకి విడిగా డబ్బు తీసుకుంటారు, అది మామూలే.

పడవలు ఏప్రిల్ నుంచి అక్టోబర్ చివరిదాకా తిరుగుతాయి, చలికాలంలో దాదాపు ఉండవు. గాలి పెరిగి అలలు లేస్తే సర్వీసులు ఆపేస్తారు. ముందుగా ఇబ్బంది వచ్చేది పొజిటానోకే. అక్కడున్నది నౌకాశ్రయం కాదు, బీచ్ పక్కన ఒక చిన్న కట్ట మాత్రమే. అలాంటి రోజున అమాల్ఫీ దాకా పడవలో వచ్చి అక్కణ్ణుంచి బస్సెక్కాల్సి రావచ్చు. కాబట్టి విమానం పట్టుకోవాల్సిన రోజున పొద్దుటి పడవనే నమ్ముకోకండి, ముందు రాత్రికే సలెర్నోకో నేపుల్స్‌కో చేరిపోండి.

ఇంతగా పడవ అనడానికి కారణం ఎస్‌ఎస్ 163 అనే ఆ ఒక్క రోడ్డు. కొండ అంచున 19వ శతాబ్దంలో వేసిన దారి ఇది, సుమారు 50 కిలోమీటర్ల పొడవునా మలుపులే. ఇక్కడ ఆలస్యానికి కారణం కేవలం రద్దీ కాదు. ఇరుకు మలుపులో రెండు బస్సులు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాలి. అది వెళ్లాలంటే దాని వెనకున్న కార్లన్నీ ముందు వెనక్కి జరగాలి. మలుపుకి ముందు డ్రైవర్ గట్టిగా హారన్ కొట్టి, గోడకి బిగించిన గుండ్రటి అద్దంలో చూసి ముందుకు పోతాడు. ఎదుటివాడు వినిపించుకోకపోతే పది నిమిషాలు పోయినట్టే.

అయినా బస్సు ఎక్కక తప్పదు, రవెల్లోకీ కొండ మీది ఊళ్లకీ అదే దిక్కు. సీతా సుడ్ కంపెనీ నీలం బస్సులవి. టికెట్ ముందే కొనుక్కోవాలి. తెల్లటి పెద్ద టీ అక్షరం బోర్డున్న టబాకీ (పొగాకు) దుకాణాల్లో, కొన్ని బార్లలో దొరుకుతుంది. రోజంతా తిరిగేవాళ్లకి 24 గంటల టికెట్ ఉంది. ఎక్కగానే టికెట్‌ని మెషీన్‌లో ముద్ర వేయించాలి, వేయించకపోతే టికెట్ ఉన్నా జరిమానా. సొరెంటో నుంచి సలెర్నోకి నేరుగా బస్సుంటుందనుకోకండి, అమాల్ఫీలో దిగి మారాలి. ఇంకో కిటుకు: బస్సు మొదలయ్యే చోటే ఎక్కండి. అమాల్ఫీ రేవు పక్కనున్న పియాజ్జా ఫ్లావియో జోయాలో ఎక్కితే సీటు దొరకొచ్చు. మధ్యలో ప్రయానోలోనో పొజిటానోలోనో ఎదురుచూస్తే, నిండిన బస్సు ఆగకుండా కళ్లముందే వెళ్లిపోతుంది. సొరెంటో నుంచి వస్తుంటే సముద్రం కుడివైపు, సలెర్నో నుంచైతే ఎడమవైపు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లకి సముద్రం కంటే ముందు వరస సీటు ముఖ్యం. మాత్ర బస్సెక్కే అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పని చేయదు.

అద్దె కారు ఆలోచన ఉంటే ఆపేయడమే మంచిది. 2022 నుంచి రద్దీ కాలంలో సరి-బేసి నియమం పెట్టారు. వేసవి వారాంతాల్లో, ఆగస్టు నెలంతా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు, బేసి తేదీన బేసి అంకెతో ముగిసే కార్లు, సరి తేదీన సరి అంకె కార్లు ఈ రోడ్డెక్కకూడదు. అద్దె కార్లకీ ఇది వర్తిస్తుంది. తప్పదనుకుంటే చిన్న కారు తీసుకుని అమాల్ఫీలో లూనా రోసా పార్కింగ్‌లో పెట్టండి. కొండని తొలిచి కట్టిన గరాజ్ అది, సొరంగం గుండా నడిచి ఊళ్లోకి వెళ్లొచ్చు.

బస ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న “బీచ్‌కి ఎంత దూరం?” కాదు, “రోడ్డు నుంచి ఎన్ని మెట్లు, పైకా కిందికా?” అనేది. ఈ ఊళ్లు నిలువుగా కట్టినవి. మ్యాపులో 200 మీటర్లు అని కనిపించేది 150 మెట్లు కావచ్చు. పొజిటానోలో పడవ దిగితే సముద్ర మట్టంలో ఉంటారు, హోటల్ ఎక్కడున్నా ఎక్కాల్సిందే. రేవులో సామాను మోసే పోర్టర్లు ఉంటారు, ఆ డబ్బు దండగ కాదు. బస్సులో వచ్చేవాళ్లు స్టాప్ పేరు గుర్తుపెట్టుకోవాలి. పొజిటానోలో కియేజా నువోవా పైనుంది, స్పోండా అమాల్ఫీ వైపుంది. పొరపాటున ఒకటి బదులు ఇంకోటి దిగితే పెట్టెతో ఊరంతా చుట్టాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మయోరి లేదా మినోరి చూడండి. రెండూ చదునైన ఊళ్లు, పొజిటానో కంటే చవక. మయోరి బీచ్ ఈ తీరం మొత్తంలో పొడవైనది. ఖర్చు మరీ తగ్గించుకోవాలంటే సలెర్నోలోనే గది తీసుకుని రోజూ పడవలో వచ్చి వెళ్లొచ్చు. పొజిటానోలో బస ఫోటోలకి బాగుంటుంది. నడుముకీ జేబుకీ అంత బాగుండదు.

సెంతియెరో దెల్యీ దేయి, అంటే దేవతల బాట, నడవాలనుకుంటే అమాల్ఫీ నుంచి బస్సులో అజెరోలా దగ్గరి బోమెరానోకి వెళ్లి అక్కడ మొదలుపెట్టండి. పొజిటానో పైనున్న నొచెల్లె ఊరి దాకా సుమారు ఆరేడు కిలోమీటర్లు, తాపీగా మూడు గంటలు. ఈ దిశలో మొత్తమ్మీద దిగుడు దారి, సముద్రం కళ్లెదుటే ఉంటుంది. నీడ తక్కువ కాబట్టి వేసవిలో ఎనిమిది లోపే బయల్దేరాలి, మనిషికి లీటరున్నర నీళ్లు తప్పనిసరి. చెప్పులు వద్దు, గులకరాళ్లు జారతాయి. చాలామందికి తెలియనిది నొచెల్లె దాటాక ఉంటుంది: కిందికి సుమారు 1,700 మెట్లు. అవి దిగేసరికి కాళ్లు వణుకుతాయి, పైగా తేలేది పొజిటానో వెలుపల, కాలిబాట లేని బస్సు రోడ్డు మీద. నొచెల్లె నుంచి పొజిటానోకి చిన్న లోకల్ బస్సుంది, హాయిగా అదెక్కండి. ఇంత కష్టం వద్దంటే మయోరి నుంచి మినోరికి నిమ్మతోటల మధ్య మెట్లదారి ఉంది, గంటలో అయిపోతుంది. చెస్ట్‌నట్ కర్రల పందిళ్లకి వలలు కప్పి పెంచే “స్ఫుసాతో” అనే రకం పొడవాటి నిమ్మకాయల్ని పక్కనుంచే చూడొచ్చు.

రవెల్లోకి అమాల్ఫీ నుంచి అరగంట లోపే. అక్కడ బీచ్ లేదు, అందుకే కాస్త ప్రశాంతం. తోటలున్న పాత భవనం విల్లా చింబ్రోనే చూడండి, సమయముంటే అలాంటిదే విల్లా రుఫోలో కూడా.

బీచ్‌లన్నీ దాదాపు గులకరాళ్లే. నీళ్లలోకి దిగడానికి రబ్బరు బూట్లు ఉండాలి, మధ్యాహ్నానికి ఆ రాళ్లు కాలిపోతుంటాయి. కుర్చీలూ గొడుగులూ వరసగా ఉన్న చోటు “లీదో”, అంటే డబ్బు కట్టి వాడుకునే బీచ్. “స్పియాజ్జా లిబెరా” అని ఉన్న చోట ఉచితం, కానీ పదింటికల్లా నిండిపోతుంది.

శాకాహారులు ఒక్కటి గమనించాలి: చెతారా ఊరి కొలతూరా అనే ఆంకోవీ చేపల రసాన్ని ఇక్కడ పాస్తాలో వేస్తారు, చేప ముక్క కనిపించదు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే “సెన్జా పేషే” అనండి, చేప వద్దని. చీజ్ కూడా తినకపోతే మరినారా పిజ్జా ఉంది: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. బిల్లులో “కోపెర్తో” అని మనిషికింత వేస్తారు, అది టిప్పు కాదు, టేబుల్ దగ్గర కూర్చున్నందుకు. హోటల్లో పర్యాటక పన్ను మనిషికి రాత్రికి ఇంత చొప్పున గది అద్దెకి అదనంగా, చాలాచోట్ల నగదుగా అడుగుతారు. దానికి కొన్ని యూరోలు విడిగా ఉంచుకోండి.