రైస్ మిల్లు లెక్కల్లో విమానం

1999లో తణుకు దగ్గర ఓ రైస్ మిల్లులో గుమస్తాగా చేరాను. షావుకారు గారు ఎవరో చెప్తే విని కంప్యూటర్ కొన్నారు గానీ, దాని మీద నమ్మకం మాత్రం కొనుక్కోలేదు. అందుకని చిట్టా, ఆవర్జా చేత్తో రాయాలి, మళ్లీ అవే అంకెలు ఎక్సెల్ 97లో కొట్టాలి. జీతం మాత్రం ఒకటే.

ఓ మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లాక, స్నేహితుడు కాగితమ్ముక్క మీద రాసిచ్చింది చేసి చూశాను. కొత్త షీటు తెరిచి ఎఫ్5. ఎక్స్97:ఎల్97 అని కొట్టి ఎంటర్. ఒకసారి ట్యాబ్. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని చార్ట్ విజార్డ్ బొమ్మ మీద క్లిక్.

గళ్లన్నీ మాయం! ఊదారంగు కొండల మీద ఎగురుతున్నాను. మౌస్ ఎటు తిప్పితే అటే పోతోంది. ఓ చోట రాతి పలక లాంటిది, దాని మీద ఎక్సెల్ తయారుచేసినవాళ్ల పేర్లు పైకి పాకుతున్నాయి.

"ఏంట్రా అబ్బాయ్, సినిమానా?"

వెనకే నుంచున్నారు.

"కాదండి, ఎక్సెల్లోనే ఉందండి."

"మన ధాన్యం లెక్కలు రాసేదాంట్లోనా?"

"ఆయ్."

కాసేపు తెర వంకే చూశారు. "నాకు చెప్పకుండా విమానం పెట్టినోడు ఇంకేం పెట్టాడో!"

మూడు నెలల మొత్తాలు కాలిక్యులేటర్ మీద మళ్లీ వేయించారు. తేడా రాలేదు. వచ్చుంటే బాగుణ్ణని ఆయన మొహంలో కనిపించింది.

ప్రోగ్రాం రాసినవాళ్లు సరదాకి లోపల దాచిపెట్టే ఇలాంటివాటిని ఈస్టర్ ఎగ్స్ అంటారని తర్వాత తెలిసింది. ఇక నాకు వాటి పిచ్చి పట్టుకుంది. 1985 నాటి కమొడోర్ 128 కంప్యూటర్లో ఎస్‌వైఎస్ 32800,123,45,6 అని కొడితే చాలు, చేసినవాళ్ల పేర్లు వచ్చేస్తాయి. 1987 నాటి యాపిల్ కంప్యూటర్ మ్యాకింటోష్ ఎస్ఈలో అయితే, చెరపడానికి వీల్లేని మెమరీ చిప్పు రోమ్‌లో, బృందం ఫొటోలే దాచారు. 2012లో న్యూయార్క్ ఔత్సాహికులు పాత మెషీన్ లోంచి అవి బయటికి తీశారు. నాకు నచ్చింది మాత్రం 1984 మొదటి మ్యాకింటోష్. డబ్బా లోపలి గోడ మీద బృందం సంతకాలు పోతపోశారు. విప్పితే తప్ప కనపడవు. సంతకం ఊరికే ఉంటుంది, ఏ పనీ చెయ్యదు. విమానం అలా కాదు, అదొక నడిచే ప్రోగ్రాం. సంతకానికైతే షావుకారు గారు కూడా అడ్డు చెప్పేవారు కాదేమో.

2002లో భద్రత మీద గట్టిగా దృష్టి పెట్టాక మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటివి మానేసింది. కొన్నవాడికి తెలియని కోడ్ లోపల ఉంటే ఇక నమ్మకమేముంది? అచ్చం మా మిల్లు వాదనే.

విమానం సంగతి బయటపడ్డ మరుసటి సంక్రాంతికి షావుకారు గారి మనవడొచ్చాడు. ఆయనే నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నారు: "అబ్బాయ్, ఆ విమానం ఓసారి పెట్టు. ముందు లెక్కల ఫైలు మూసెయ్."